పువ్వులాంటి ట్రిగ్గర్

పంచాననాచారిగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు కళ్లజోడు తుడుచుకునేవారు. జిల్లా పోలీసు ఆయుధశాలలో తుపాకులు బాగుచేసే ఆ పెద్దాయనకు ఆ నెలాఖరుతో ఉద్యోగ విరమణ. ఆయన బల్ల తనకే దక్కాలని శిష్యుడు దాలినాయుడి ఆశ.

ఇన్‌స్పెక్టరుగారి పిస్టల్ అతను తనంతట తాను చేసిన మొదటి పని. ట్రిగ్గర్ గరగరలాడుతోందని, బరువుగా ఉందని ఫిర్యాదు. దాలినాయుడు గరుకంతా తీసి నున్నగా చేశాడు. అంతటితో ఊరుకోక మెత్తటి స్ప్రింగ్ కూడా వేశాడు.

"ట్రిగ్గర్ ఎంత తేలికైతే అంత మంచిదే కదా, గురువుగారూ?"

ఆచారిగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "రేపు ఆయుధపూజకు ఆయన వస్తారుగా. చూద్దాం."

మర్నాడు పిస్టళ్లన్నీ ఖాళీ చేసి, పసుపు కుంకుమలు పెట్టి పూజకు ఉంచారు. ఇన్‌స్పెక్టరు తన పిస్టల్లో గుండు లేదని రూఢి చేసుకుని, ఇసుకబస్తాల గోడకు గురిపెట్టి నొక్కి, మురిసిపోయాడు. "పువ్వులా ఉందయ్యా నాయుడూ! సాయంత్రం అమ్మవారి ఊరేగింపు బందోబస్తుకు ఇదే పట్టుకెళ్తా. ఆచారిగారి బల్ల నీకే ఇమ్మని ఎస్పీగారితో నేను చెప్తాలే."

దాలినాయుడి కాళ్లు నేలమీద నిలవలేదు.

"పైనున్న స్లైడు వెనక్కి లాగి, మరోసారి గురిపెట్టండి బాబూ," అన్నారు ఆచారిగారు. ఇన్‌స్పెక్టరు వేలు ట్రిగ్గర్ మీద ఆనింది. ఆచారిగారు అమ్మవారిని తలుచుకుని, ఆయన వెనకాలే కొబ్బరికాయ ఫెడేలున రాతికేసి కొట్టారు. ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. పిస్టల్ టిక్కుమంది.

"నేను నొక్కలేదే!" అన్నాడాయన.

ఆచారిగారు శిష్యుడివైపు తిరిగారు. "విన్నావా నాయనా? ఆయన నొక్కలేదట."

బయట ఊరేగింపుకని డప్పులు మంటకు కాచుకుంటున్నారు. సాయంత్రం ఘటం ఎత్తుకుని అందరికంటే ముందు నడిచేది దాలినాయుడి తల్లే. అతను చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వండి సార్. పాత స్ప్రింగే వేసిస్తాను."

"మళ్లీ ఆ మొద్దు బరువేనా? ఈమాత్రం దానికి ఇంత హడావుడి దేనికయ్యా!" అని విసుక్కుని పిస్టల్ బల్లమీద పెట్టాడు ఇన్‌స్పెక్టరు. ఎస్పీగారి మాట మళ్లీ ఎత్తలేదు.

దాలినాయుడు తలవంచుకుని పనిలో కూర్చున్నాడు. కాసేపటికి అడిగాడు. "మరి గరుకు తీయడం కూడా తప్పేనా, గురువుగారూ?"

ఆచారిగారు అతని చేతిలో కొబ్బరిచిప్ప పెట్టారు.

"గరుకు మన పనిలో లోపం, తీసెయ్యాలి. బరువు ఆయనది. ఆయనకే ఉంచు."