గొంతు కింద పసుపు

వేదాద్రయ్య గారు ఎవరేం అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాళ్ళకి ఏదో ఒక పని అప్పగించేవారు. కోపం ఎందుకొస్తుందని అడిగిన ఒకాయన చేత నెల రోజులు చిక్కుపడిన నూలు విడదీయించారని చెప్పుకునేవాళ్ళు. పని పూర్తయ్యాక అదే ప్రశ్న మళ్ళీ అడిగినవాళ్ళు తక్కువ. గుట్ట కింద మూడు గదుల ఇల్లు ఆయనది. సాయంత్రాలు వసారాలో కూర్చుని భాగవతం చెప్పేవారు. ఏడెనిమిది మందిమి, అందరమూ పెద్దవాళ్ళమే, వినడానికి వెళ్ళేవాళ్ళం.

మాలో కనకరత్నమ్మ గారికి అప్పటికి డెబ్భై మూడేళ్ళు. ఒక సాయంత్రం పాఠం ముగిసి అందరం లేచినా ఆమె లేవలేదు.

"అయ్యవారూ, నాకు మతిమరుపు ముదురుతోంది" అన్నది. "పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. పాలు పొంగితే తుడుచుకుంటాను, దానికి ఏడవను. నాకొక కూతురుండేది. వకుళ. నాలుగేళ్ళు నిండకుండానే తట్టు వచ్చి పోయింది. యాభై ఏళ్ళ కిందటి మాట. ఫొటో లేదు. పసిపిల్లలకి ఫొటో తీయిస్తే ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారు తీయనివ్వలేదు. దాన్ని చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. మొన్న కళ్ళు మూసుకుని దాని ముఖం తలుచుకున్నాను. వచ్చింది. కానీ అది దాని ముఖమో, మా వీధి చివర ఆడుకునే పిల్ల ముఖమో తేల్చుకోలేకపోయాను. పోనీ అడుగుదామంటే మనిషి లేడు. రేపు నేను కూడా మరిచిపోతే, అది అసలు పుట్టనట్టేనా?"

ఆయన పుస్తకం మీద గుడ్డ కప్పారు. తర్వాత, "రేపు పొద్దున్నే పెరట్లోకి రండి. పిట్టలకి నూకలు మీరు వేద్దురుగాని. పిచ్చుకలు గుంపుగా దిగుతాయి. ఆ గుంపులో ఒకటి మాత్రం వాటి జాతిది కాదు. దాన్ని పోల్చుకుని నాతో చెప్పండి" అన్నారు.

బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఓబులేసు చెప్పులు వేసుకుంటూ ఆ మాట విన్నాడు. "పిచ్చుకల్లో పిచ్చుక కానిదంటే ఎలుకేమో అక్కా, బాగా చూడు. టికెట్ లేనివాణ్ణి ముఖం చూసి పట్టేవాణ్ణి ముప్పై ఏళ్ళు. నాకే పిచ్చుకలన్నీ ఒక్కటిగా కనపడతాయి" అన్నాడు.

"నువ్వూ నాకు అట్లాగే కనపడతావు ఓబులేసూ, నలుగురిలో ఉంటే" అన్నది ఆమె. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం అప్పుడే చూశాం.

పెరడు పెద్దదేమీ కాదు. చుట్టూ సీమతుమ్మ కంప, మధ్యలో బట్టలుతికే బండ, పక్కన నీళ్ళ తొట్టి. నూకలు చల్లి వెనక్కి జరిగితే కంపలోంచి నలభై దాకా పిచ్చుకలు ఒక్కసారిగా దిగేవి. మొదటి మూడు రోజులు ఆమెకు గోధుమరంగు గందరగోళం తప్ప ఏమీ కనిపించలేదు. "నాకు పోల్చుకునే శక్తే పోయింది" అని కంటతడి పెట్టుకుంది. వేదాద్రయ్య గారు, "వింతదాని కోసం వెతక్కండి. ముందు మామూలువాటిని నేర్చుకోండి. పోల్చి చూడనిదే పోల్చుకోవడం కుదరదు" అన్నారు. ఆమె నేర్చుకున్నది. మగదానికి గొంతు కింద నల్లటి మచ్చ, నడినెత్తిన బూడిద రంగు. ఆడదానికి ఏ హంగూ లేదు, కంటి వెనక పాలిపోయిన గీత ఒకటి. ఎగరడం కొత్తగా వచ్చిన పిల్లలకి నోటి అంచులు ఇంకా పచ్చగా ఉంటాయి. వీపు మీద చారలు అన్నిటికీ ఉంటాయి. ఇవన్నీ రాత్రి పడుకునే ముందు వల్లె వేసుకునేది.

ఎనిమిదో రోజు బండ అంచు మీద అది కనబడింది. వీపు మీద చారలు లేవు, అంతా ఒకటే మట్టిరంగు. భుజాన ఇటుక రంగు, రెక్కకి తెల్లగీత. గొంతు కింద నలుపు లేదు. పసుపు ముద్దలో ముంచిన వేలితో ఎవరో ఒక్కసారి అద్ది వదిలినట్టు, చిన్న మరక. ఆమె చేట అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. వేదాద్రయ్య గారు వచ్చి చూసి తల ఊపారు. "అడవి పిచ్చుక. చలికాలంలో ఇటు వచ్చి వీటితో కలిసి తింటుంది. ఎండలు ముదిరే లోపల వెళ్ళిపోతుంది" అన్నారు.

ఆ తర్వాత పది రోజులు ఆమె మరో మనిషి. సాయంత్రం పాఠానికి రాగానే, "ఇవాళా వచ్చింది" అని చెప్పేది. అది ముందు నీళ్ళు తాగి తర్వాత గింజల మీదికి వస్తుందని చెప్పేది. దాని గొంతు కింద రంగును ఇంట్లో కూర్చుని కళ్ళు మూసుకుని గుర్తుకు తెచ్చుకుంటున్నానని, ఆ రంగు రోజూ తప్పకుండా వస్తోందని చెప్పేది. మాకు అందరికీ సంతోషమేసింది. ఓబులేసు చూసి రావాలని ఒకరోజు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళాడు. చూసి గట్టిగా, "అబ్బ! ఎంత ముద్దుగా ఉందక్కా, బంగారు గొలుసు వేసుకున్నట్టుంది!" అన్నాడు.

మర్నాడు అది రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కనకరత్నమ్మ గారు ఓబులేసు వైపు చూడడం మానేసింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందా, కళ్ళు ఎట్లాంటివో" అని ఎవరితోనో అన్నదట. మూడో రోజు అది మళ్ళీ బండ మీదికి వచ్చింది. అప్పుడు ఆమె చేసిన పని ఎవరికీ చెప్పి చేయలేదు. వెదురు గంపను పుల్ల ఆసరాతో వాల్చి నిలబెట్టి, పుల్లకి దారం కట్టి, కింద నూకలు పోసింది. చిన్నప్పుడు నేర్చిన విద్య. దారం లాగింది. గంప కింద చెయ్యి పెట్టి పిట్టను పట్టుకుంది. దేవుడి దగ్గర ప్రమిదకు పట్టిన మసిని నూనెతో కలిపి, ఉంగరపు వేలికి అంటించుకుని ముందే సిద్ధంగా ఉంచుకుంది. బుగ్గన ఒక్క దిష్టి చుక్క. అంతే ఆమె పెట్టాలనుకున్నది. గుప్పిట్లో అది తన్నుకులాడింది. వేలు జారింది. నూనె మసి గొంతంతా పాకింది. ఆమె కంగారుపడి వదిలేసింది. అది కంపలోకి ఎగిరిపోయింది. పోతే పోయింది, ఇక దీనికి ఎవరి కళ్ళూ తగలవు అనుకుని ఆమె ఆ రోజు నిశ్చింతగా భోంచేసింది.

మర్నాడు నూకలు చల్లి కూర్చున్నాక గాని ఏం జరిగిందో ఆమెకు తెలియలేదు. నలభై పిచ్చుకలు దిగాయి. వాటిలో సగానికి గొంతు కింద నలుపు, ఇప్పుడు దానికీ నలుపే. రెక్క మీది తెల్లగీత మగపిచ్చుకలకీ ఉంది, భుజాన ఆ రంగూ ఉంది. వీపు చారలు చూద్దామంటే దగ్గరికి వెళ్ళాలి, వెళితే ఎగిరిపోతాయి. కూర్చున్న చోటి నుంచి చూస్తే ఆమె కళ్ళకు అన్ని వీపులూ ఒకటే. పన్నెండు రోజులు వెతికింది. కానివాటిని తీసేస్తే అయినది మిగులుతుందని చప్పట్లు కొట్టి ఆడపిచ్చుకలను తోలేది, నెత్తిన బూడిద రంగు ఉన్నవాటిని కొంగు విసిరి తోలేది. ఒకదాన్ని తోలితే అన్నీ లేచిపోయేవి. ఓబులేసు కూడా వచ్చి పక్కన కూర్చుని తనకు చేతనైనట్టు వెతికాడు. ఆ పన్నెండు రోజుల్లో అతను ఒక్క హాస్యమూ ఆడలేదు.

పదమూడో రోజు ఆమె వసారాలోకి వచ్చి అందరి ముందూ చెప్పేసింది. "అయ్యవారూ, దాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను. దానికి ఏమీ కాకూడదని చేశాను."

ఆయన తెరిచిన పుస్తకం మూసి పక్కన పెట్టారు.

"మసే కదా. ఒక గట్టి వాన పడితే పోతుంది కదా?"

"పోతుంది."

అప్పుడు పుష్యమాసం. వానలకి ఇంకా ఐదు నెలలు. ఆమే మళ్ళీ అన్నది: "వాన పడేసరికి అది ఉండదు. ఉన్నా, వెతకాలన్న సంగతి నాకు గుర్తుండదు." చాలా చిన్న గొంతుతో అడిగింది. "దాని గొంతు కింద ఉన్నది పసుపేనా అయ్యవారూ? రాత్రి నుంచి అనుమానంగా ఉంది. ఒకవేళ నేనే, పసుపని అనుకుంటూ అనుకుంటూ..."

"నేనూ చూశానమ్మా. పసుపే."

"మీరూ మరిచిపోతే?"

ఆయన వయసు అప్పటికి ఎనభై ఒకటి. ఆ సాయంత్రం భాగవతం చెప్పలేదు. మేము ఒకరి తర్వాత ఒకరం లేచి వచ్చేశాం.

ఆమె ఇక రాదనుకున్నాం గాని, మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి పెరట్లోనే ఉంది. నూకలు చల్లింది. పిచ్చుకలు దిగాయి. అది కూడా వాటిలో ఎక్కడో ఉండి ఉండొచ్చు. కానీ ఆమె వాటిని చూడడం లేదు, గోడ వైపు చూస్తోంది. అలవాటుకొద్దీ చెయ్యి మాత్రం కొంగు అందుకుని, దగ్గరగా వచ్చిన రెండు మూడింటి మీద విసరబోయింది. వేదాద్రయ్య గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. అక్కడి నుంచే మెల్లగా అన్నారు:

"ఇక మీదట ఏ పిచ్చుకనీ తోలకండి, అమ్మా."