మంచుకోన పొత్తిళ్ళమ్మ వెలసిన వైనం

మంచుకోనకు తూర్పున, క్యాబేజీ మడుల నడుమ, పెంకులు కప్పిన చిన్న గుడి ఉంది. అందులో కొలువైన తల్లి పేరు పొత్తిళ్ళమ్మ. చలికాలం మొదలైతే చుట్టుపక్కల రైతులూ, చంటిబిడ్డల తల్లులూ దర్శనానికి వస్తారు. అయితే అమ్మవారి రూపం ఎవరి కంటికీ కనబడదు. నిలువెల్లా పాత నూలుచీరలు చుట్టి ఉంటాయి.

పూర్వం, ఈ కోనకు క్యాబేజీ కొత్తగా వచ్చిన కాలంలో, ఇక్కడ రెడ్డెప్ప, మునెమ్మ అనే దంపతులు ఉండేవారు. మునెమ్మకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. చల్లమ్మ అని పేరు పెట్టుకున్నారు. తల్లికి పాలు చాలక, ఇంటి ఆవు పాలతోనే ఆ పసిప్రాణం నిలబడింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మేత లేక ఆవు పాలు తగ్గించింది. రెడ్డెప్ప దిక్కు తోచక, బావినీటితో పెంచుతున్న క్యాబేజీ మొక్కల అడుగాకులు తుంచి ఆవుకు వేయసాగాడు. పిల్లకు పాలు దొరికాయి గాని, ఆకు తుంచిన సాళ్ళలో గడ్డ కట్టలేదు. లోనికి ముడుచుకోవలసిన నడిమి ఆకులు నీరసంగా విచ్చుకొని నిలబడ్డాయి. ఏడాది తిండి ఆ మడి మీదే ఉంది.

ఒక మధ్యాహ్నం మునెమ్మ బిడ్డను పక్కలో వేసుకొని గట్టు మీద కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ మొక్కల మధ్య కూర్చొని వణుకుతోంది. ఒడిలో పసిబిడ్డ.

"నీ పెనిమిటి నా చీర చించి ఆవుకేస్తా ఉండాడు. బిడ్డను దేంట్లో చుట్టేది తల్లీ?" అని అడిగింది.

మునెమ్మ ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా రెడ్డెప్ప ఆకు తుంచుతున్నాడు. ఆమె వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

"చాలించయ్యా. ఈ ఆకులుంటేనే లోపల గడ్డ పెరిగేది."

"మరి పిల్లకు పాలో?"

"కొండ నెత్తిన మంచుకు ఇంకా గడ్డి ఉంది, ఎక్కి కోసుకొస్తా."

"పచ్చి బాలింతవు, నువ్వెక్కేదేంది? నేను పోతాలే. నువ్వు మడి చూసుకో."

నాటినుంచి రెడ్డెప్ప తెల్లవారకముందే కొండకు పోయి గడ్డిమోపుతో దిగేవాడు. మునెమ్మ బిడ్డను వీపున కట్టుకొని మొక్కల మొదళ్ళకు మట్టి ఎగదోసేది. చలి ముదిరేకొద్దీ, తుంచని సాళ్ళలో నడిమి ఆకు ఒకటి లోనికి వంగింది. దానిమీద మరొకటి కప్పుకుంది. వెలుపలి ఆకులు ఎండనూ మంచునూ తాము భరించి లోపలిదాన్ని పెంచాయి. ఆ మట్టిలోనే ఒకనాడు మునెమ్మ పారకు గుండ్రని రాయి తగిలింది. కడిగి చూస్తే, ఒడిలో బిడ్డను పొదువుకున్న తల్లి రూపు. చలికి వణికిన ముసలమ్మ గుర్తొచ్చి, మునెమ్మ తన పాతచీర తెచ్చి ఆ రాతికి చుట్టింది. రెడ్డెప్ప అక్కడే గుడి కట్టాడు. చల్లమ్మ పెరిగి పెద్దదై, ఆ గుడికి తొలి పూజారిణి అయింది.

నేటికీ ఈ కోనలో గడ్డ కోసేదాకా అడుగాకు తుంచరు. కోశాక ఆ ఆకు ఆవులకే వేస్తారు. బాలింతలు తమ పాతచీర తెచ్చి అమ్మకు చుడితే బిడ్డలు ఒళ్ళు చేస్తారని నమ్మకం. కొత్తగా వచ్చినవారు చీరలు తొలగించి చూపమంటే పూజారిణి ఒప్పుకోదు. గడ్డ ముదిరిందో లేదో రైతు నొక్కి చూసినట్టు, చీరల మీద అరచెయ్యి ఆనించమంటుంది. లోపల తల్లి గట్టిగా చేతికి తగులుతుంది. ఇక్కడ అదే దర్శనం.