కళ్ళు మూసుకున్న కొంగ

ఊరందరిదీ అయిన ఆ చిన్న చెరువు మీద పొగమంచు పాలమీగడలా పరుచుకుంది. నీళ్ళ పైన కొర్రమీను పిల్లల గుంపు ఎర్రగా, ఎవరో నిద్రలో కంటున్న కలలా మెల్లగా కదులుతోంది. తల్లి కింద కావలి కాస్తోంది. వానలు లేక చెరువులో ఈ వైపు మడుగు రేపోమాపో ఎండిపోతుంది. అవతల తామరల దగ్గర లోతు ఉంది. అక్కడికి పోవడానికి ఒక్కటే సన్నని పాయ. ఆ పాయలో మగకొంగ నిలబడి ఉంది.

"చెరువులో చేపలు తగ్గిపోయాయంటే తప్పు మీ ఆడవాళ్ళదే," అంది కొంగ. "సిగ్గూ అణకువా లేక ఊరంతా తిరుగుతారు. పిల్లల్ని నా కాళ్ళ దగ్గర వదలండి, నేను పెంచుతాను."

"నిన్న వదిలిన పరిగె చేపపిల్లలేవి పెద్దయ్యా?" అనడిగింది కొర్రమీను.

"పుట్టింటికి వెళ్ళాయి."

"ఆ పుట్టిల్లు నీ పొట్టలోనే ఉన్నట్టుంది," అని ముసలి జెల్లచేప, జెల్లత్త, బురదలోంచి గొణిగింది.

కొర్రమీను గట్టు వైపు చూసింది. చేపలు పట్టే పైడితల్లి భుజాన వలతో వస్తోంది.

"తెస్తాను పెద్దయ్యా. కానీ బాలింతని. మగవాళ్ళు చూస్తుంటే ఎలా వచ్చేది? తూము పక్కన నాచులో నిలబడి కళ్ళు మూసుకోండి. పిల్లలు కాళ్ళకు తగిలేదాకా కదలకండి."

"అణకువంటే ఇదీ," అని మురిసిపోతూ కొంగ తూము దగ్గరికి వెళ్ళింది.

"నిజంగా తీసుకెళ్తావుటే?" అనడిగింది జెల్లత్త.

"పాయ ఖాళీ అయింది, పద అత్తా. పైడితల్లి సంగతి తెలుసుగా. కొంగ ఎక్కడ కదలకుండా నిలబడితే అక్కడే వల వేస్తుంది."

ఎర్రని కల పాయ దాటి తామరాకుల నీడలోకి జారుకుంది. తూము దగ్గర కొంగ కాళ్ళకు నాచు మెత్తగా తగిలింది.

"వచ్చారా తల్లీ," అంది కొంగ, కళ్ళు తెరవకుండానే.

వల మంచులో పువ్వులా విచ్చుకుని మీద పడింది.

పైడితల్లి లాగి చూసింది. ఒక్క చేపా లేదు. "నిన్ను నమ్మి వల తడుపుకున్నాను కదరా," అంటూ చిక్కులు విడదీసి తరిమింది. సగం ఈకలు వలలోనే ఉండిపోయాయి.

ఆడవాళ్ళను నమ్మకూడదని కొంగ ఇప్పటికీ గట్టు మీద చెబుతూనే ఉంది. వినడానికి దగ్గరలో ఒక్క చేపా లేదు.

నీ మంచి కోసమే నీ దారికి అడ్డం నిలబడ్డానన్నవాడికి అతని నీతులనే గంతలుగా కట్టి, నీ దారిన నువ్వు పో.