సారీ పుట్టిన చోటు

మద్దిలేటికి ఒకటే దిగులు. మఠానికొచ్చి ఏడాది దాటినా గురువు కంబగిరయ్య తాత ఇంకా చెవిలో మంత్రోపదేశం ఇయ్యలేదు.

"నీ కాడ ఇప్పటికే మాటలు ఎక్కువున్నాయి లేరా," అనేవాడు తాత.

ఉండేటివి మరి. ఇంగ్లీషు బాగా చదివినోడు. బెంచీ అనే మాట ఎక్కడ పుట్టింది, బకెట్టు ఎక్కడ పుట్టింది, ఏదడిగినా చెప్పేవాడు. అన్నాలకాడ అందరం నోరు తెరుచుకొని వినేవాళ్ళం. ఆ సందడి మళ్ళా ఏ పంక్తిలోనూ చూడలేదు నేను.

మా ఆయన పోయినంక నేను ఆ మఠంలోనే వంట చేసేదాన్ని. కడాకు తాత పున్నమికి ఉపదేశం ఇస్తానన్నాడు. ఆ సంబరంలో మద్దిలేటి వంటింట్లోకి ఉరికొచ్చి గంజి తపేలాకు తగిలినాడు. కాగే గంజి నా కాలిమీద పడింది.

"సారీ అక్కా," అని, తానొచ్చిన మంచినీళ్ళ చెంబు తీసుకొని తన దోవన పోయినాడు.

సాయంత్రం తాత నా కాలికట్టు చూసినాడు. సంగతి విని మద్దిలేటిని పిలిచినాడు.

"సారీ అంటే ఏందిరా?"

వాడి మొహం వెలిగింది. "పాతకాలం ఇంగ్లీషులో పుండుకు, నొప్పికి ఉన్న మాటలోంచి పుట్టింది తాతా. లోపల బాధ పుట్టినోడు అనేమాట. ఇప్పుడు బస్సులో కాలు తొక్కినా అంటారు."

"బాగుంది," అన్నాడు తాత.

పున్నమి వచ్చింది. మా మఠంలో ఉపదేశం తీసుకునేవాడు ముందు గురువు కాళ్ళు కడగాల. మద్దిలేటి ఇత్తడి పళ్ళెం, చెంబు పెట్టుకొని కూచున్నాడు. తాత కాళ్ళు పంచెలోకి ముడుచుకొని నన్ను పిలిచినాడు.

"సుంకమ్మా, ఇట్లా వచ్చి కూచో. కాలు పెట్టు."

"నాకెందుకు తాతా! పొయ్యిమీద పప్పుంది."

"మాడితే మాడనీ. పెట్టు."

పెట్టినా. మద్దిలేటి కట్టు విప్పబోయినాడు. గుడ్డతోపాటు తోలు లేచింది. నేను పళ్ళు బిగబట్టినా. వాడి చెయ్యి ఆగిపోయింది. తర్వాత నీళ్ళు పోసి, తడిపి తడిపి మెల్లగా తీసినాడు. కడిగినంతసేపూ తల ఎత్తలేదు.

"ఏమిరా, ఆ మాట యాడ పుట్టిందంటివి?" అన్నాడు తాత.

మద్దిలేటి పైగుడ్డ కొసతో నా కాలి తడి మెల్లగా అద్దినాడు.

"ఇట్లా రా. చెవి ఇయ్యి."

చెవిలో ఏం చెప్పినాడో నాకు తెలీదు. పప్పు మాత్రం మాడనే మాడింది. ఆ పూట అన్నాలకాడ ఎవరో అడిగినారు, తపేలా అనే మాట ఎక్కడ పుట్టిందని.

మద్దిలేటి నా విస్తట్లో ఇంత అన్నం పెట్టి, "తిను అక్కా," అన్నాడు.