కిర్రుమనని మెట్లు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో బంగారమ్మ అని ఒక ముసలామె. ఎదురింట్లో ఆమె నేస్తం సూరమ్మ. కూర మాడినా, కోడలు అలిగినా, ఒకరికొకరు చెప్పుకుంటే గాని ఇద్దరికీ అన్నం అరిగేది కాదు.

ఒక ఏడు సూరమ్మ జారిపడింది. నడుం పట్టేసింది. మేడ మీద కిటికీ పక్కన మంచం వేసి పడుకోబెట్టారు. బంగారమ్మ ఇంటికీ మేడ గది ఉంది. ఆ కిటికీకి ఎదురుగా కిటికీ కూడా ఉంది. ఉంటే ఏం లాభం? ఎక్కడానికి నిచ్చెన ఒక్కటే. ఆమె మోకాళ్ళు నిచ్చెనని చూస్తేనే మూలిగేవి. సూరమ్మ ఇంటి నిటారు రాతిమెట్లేమో ఆ నిచ్చెనకి అక్కలాంటివి.

అప్పుడు బంగారమ్మ వీధిలో నిలబడి పైకి అరిచి మాట్లాడేది. అరిచి చెప్పిన రహస్యం సూరమ్మ కంటే ముందు ఊరికి చేరేది. ఆ వేళకి శెట్టిగారికి కొట్లో ఉక్కపోసేది, అరుగు మీదకి వచ్చేవాడు. పంతులుగారికి ఏటికి దగ్గర దారి ఉన్నా, ఆ వీధిలోంచే స్నానానికి వెళ్ళేవాడు. వినడానికే వచ్చారని నేననను.

"ఒరేయ్ నూకరాజూ, నాకు చెక్కమెట్లు చేయించరా. గుసగుసలాడి ఎన్నాళ్ళయిందో" అంది కొడుకుతో.

నూకరాజు మంచివాడు. కాకపోతే మెరిసిందల్లా కొంటాడు. పెళ్ళి నాటి నుంచీ అంతే. పట్నం వెళ్ళి, ఎర్రగా నిగనిగలాడే పలకలు బండి మీద తెచ్చాడు. బంగారమ్మ గుమ్మడికాయని కొట్టి చూసినట్టు వేలితో కొట్టి చూసింది. డొల్లగా పలికింది. తర్వాత గోటితో గీరింది. పైపూత కింద తెల్లగా, మెత్తగా ఉంది.

"చేవ లేదురా. చెట్టు నడిమి గట్టి చెక్క కాదిది, బెరడు పక్కది. చెదలకి విందు పెట్టడానికి తెచ్చావా?" అంది. ఆ పలకలు కోళ్ళగూడుకి పనికొచ్చాయి.

ఆ తర్వాత ఆ ఊరివాడే గవర్రాజు వచ్చాడు. ఏం పని చేస్తాడో వాళ్ళావిడకి కూడా తెలియదు. "అత్తా, వేగిస కర్ర ఉంది. రాయి అనుకో" అన్నాడు. బంగారమ్మ వెళ్ళి చూసింది. కొడితే ఖంగుమంది. ముదురు రంగు, నిండా చేవ. ఆమె చెయ్యి దానిమీంచి రాలేదు.

"ఏ చెట్టురా ఇది? మోడెక్కడుంది?"

"అడివిలో చెట్లకేం కరువత్తా."

"నరకమని ఎవరు చెప్పారు?"

గవర్రాజు చెవి గోక్కున్నాడు. బంగారమ్మ ఆ కర్రని ఇంకోసారి నిమిరింది. "దొంగచెక్క మీద కాలు పెడితే మోకాలి కంటే ముందు మనసు నొస్తుందిరా" అని వచ్చేసింది. ఆ రాత్రి మాత్రం అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు ఈ సంగతంతా వీధిలోంచి అరిచి చెప్పింది. సూరమ్మ విని, "ఒసేయ్, మా పొలం గట్టు మీద మా ఆయన నాటిన టేకు చెట్లున్నాయి కదే. ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒకటి తీస్తే మిగతావి లావెక్కుతాయి. నడిమిది కొట్టించుకో" అంది.

అప్పుడు వడ్రంగి మోహనాచారిని పిలిపించారు. పక్షిగూడు లేదని చూసుకుని, అమావాస్య ముందు రోజుల్లో చెట్టు కొట్టారు. అప్పుడు కొడితే పురుగు పట్టదని ఆ ఊరివాళ్ళ నమ్మకం. ఖాళీ అయిన చోట బంగారమ్మ రెండు టేకు మొక్కలు నాటించింది. పలకలు కోసి, మధ్య మధ్య పుల్లలు పెట్టి, పశువుల పాక నీడలో పేర్చారు. మళ్ళీ వేసవి దాకా ఆరాలన్నాడు ఆచారి.

నూకరాజు అప్పటికే ముహూర్తం పెట్టించేశాడు, వచ్చే బుధవారానికి.

"ముహూర్తం మనకి బాబూ, చెక్కకి కాదు" అన్నాడు ఆచారి.

ఇంతలో వానలొచ్చాయి. సూరమ్మకి దగ్గు పట్టుకుంది. కిటికీలోంచి ఆ దగ్గు వినిపిస్తుంటే బంగారమ్మ ఆచారిని పిలిపించింది. "పచ్చిచెక్కతోనే చేసెయ్యి ఆచారీ. ఆరేదాకా సూరమ్మ ఉంటుందో లేదో" అంది వీధిలోనే.

పైనుంచి సూరమ్మ గొంతు. "పచ్చిచెక్క ఆరాక వంకరపోయి కిర్రుమంటుందే. నువ్వు ఎక్కినప్పుడల్లా ఈ శెట్టిగారు లేచి కూర్చుంటాడు. ఆరనీ. నేనెక్కడికీ పోను."

శెట్టిగారు లేచి కొట్లోకి వెళ్ళాడు.

వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది. సూరమ్మ కషాయాలు తాగింది, వైద్యుణ్ణి తిట్టింది, దగ్గు తగ్గించుకుంది. ఎండలు ముదిరాక ఆచారి మెట్లు కట్టాడు. వెడల్పాటి మెట్లు, పక్కన చేతికర్ర అంత నునుపైన పట్టుకర్ర.

ఒకరోజు సాయంత్రం నూకరాజు ఇంటికొచ్చి "అమ్మేదే?" అన్నాడు. భార్య వంటింట్లో చూసింది. పెరట్లో చూసింది. వీధిలోకి తొంగి చూస్తే శెట్టిగారు, పంతులుగారు మెడలు సాచి నిలబడ్డారు. అరుపు లేదు. చప్పుడు లేదు.

అప్పుడు ఎదురెదురు మేడ కిటికీల్లోంచి ఇద్దరు ముసలమ్మలు పకపకా నవ్వారు.

ఏమనుకుని నవ్వారంటావా? నాకూ తెలియదమ్మా. ఆ ఊళ్ళో నాకు తెలియనిది అదొక్కటే.

కథ వెళ్ళింది కంచికి,
కునుకు దిగింది కంటికి,
దుప్పటి కప్పుకుని మనం
నిద్దరమ్మ ఇంటికి.