బోడి వీపు మొనగాళ్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక రాతిగుట్ట. సాయంకాలమయ్యేసరికి గుట్ట మీద ఈడొచ్చిన ముళ్లపందుల మూక చేరేది. ఇంట్లో చిన్న పని చెబితే కాళ్లు నొప్పులనేవాళ్లు. గుట్ట ఎక్కడానికి మాత్రం పరుగో పరుగు!

ఆ మూకకు ఒక ఆచారం ఉంది. ఎవరినైనా ముళ్లతో పొడిచి వస్తే ఒక రాయి పైకెక్కి కూర్చోవచ్చు. పొడిచిన ముల్లు ఊడి అక్కడే ఉండిపోతుంది కదా! అందుకని ఎవడి వీపు ఎంత బోడిదైతే వాడంత మొనగాడు. అందరికంటే పైన కూర్చునేవాడి పేరు శూలం. వాడి వీపు తోమిన చెంబులా తళతళలాడేది.

అందరికంటే కింద, బురదలో, గున్నడు కూర్చునేవాడు. వాడికి ముళ్లన్నీ ఉన్నాయి. అదే వాడి సిగ్గు.

"ఏరా, పెళ్లికి దాచుకున్నావా ముళ్లన్నీ?" అనేవాడు శూలం. మూకంతా కిసకిసా నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే గున్నడికి దుంపలు కూడా సయించేవి కావు.

ఇక లాభం లేదని, నిద్రపోతున్న ఎలుగుబంటి దగ్గరికి వెనక్కి వెనక్కి నడిచి వెళ్లాడు. ముళ్లపందులు పొడిచేది అలాగే మరి! కసుక్కున పొడిచాడు.

"పాడు దోమలు!" అని గొణిగి ఎలుగుబంటి అటు తిరిగి పడుకుంది.

గున్నడు ఒక రాయి ఎక్కాడు.

రెండోసారి తాబేలును పొడిచాడు. ముళ్లు డిప్పకు తగిలి పుటుక్కున రాలిపోయాయి. "ఎవరు నాయనా, తలుపు కొట్టేది?" అంది తాబేలు లోపలినుంచి.

"రాలినవి కూడా లెక్కేలే" అన్నాడు శూలం. గున్నడు ఇంకో రాయి ఎక్కాడు.

ఇక మిగిలింది శూలం పక్క రాయి ఒక్కటే. "ఇక్కడికి రావాలంటే నీ కుందేలును పొడిచి రా" అన్నాడు శూలం.

ఆ కుందేలు పేరు దూది. గున్నడు దుంపలు తవ్వితే, దూది చెవులు రిక్కించి కాపలా కాసేది. ఆ తర్వాత ఇద్దరూ పంచుకు తినేవాళ్లు.

"పొడవకపోతే?"

"బురద ఖాళీగానే ఉంది."

గున్నడు వెళ్లాడు. "ఒరేయ్ గున్నా, వెనక్కి నడుస్తున్నావేమిట్రా? దుంప దొంగిలించావా?" అని నవ్వింది దూది. వాడు కళ్లు మూసుకుని పొడిచేశాడు. ఆ విసురుకు మిగిలిన ముళ్లూ రాలిపోయాయి. దూది తొడలో ముల్లుతోనే కుంటుకుంటూ వెళ్లిపోయింది.

గున్నడు పై రాయి మీద కూర్చున్నాడు. బోడి వీపుకు చలేసింది. పక్కన చూస్తే శూలం కూడా గజగజా వణుకుతున్నాడు!

అంతలో తోడేలు వచ్చింది. "ఏనాడూ మీ జోలికి రాలేకపోయాను నాయనా! ఇవాళ ఏ పుణ్యాత్ముడు ఒలిచిపెట్టాడు మిమ్మల్ని?" అంది.

"గున్నా, నువ్వు ముందుండు! ఇప్పుడు నువ్వూ మొనగాడివే!" అంటూ శూలం బొరియలో దూరాడు. వాడి వెనకే మూకంతా దూరింది. గున్నడికి చోటు మిగల్లేదు.

గున్నడు అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి, బోడి వీపు తోడేలుకు చూపించాడు. తోడేలు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, నోరు తెరిచి మీదికొచ్చింది.

గలగలా గలగలా!

గున్నడి అవ్వ వస్తోంది, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని గలగలలాడిస్తూ. ఆమెకు ముందు దూది కుంటుతూ దారి చూపిస్తోంది. "ఊరికే ఇటుగా పోతున్నానమ్మా!" అంటూ తోడేలు పరుగందుకుంది.

"అవ్వా, నువ్వెంతమందిని పొడిచావే?" అన్నాడు గున్నడు.

"ఒక్కర్నీ లేదురా. అందుకేగా అన్నీ ఉన్నాయి!"

గున్నడు దూది వైపు తిరిగాడు. "నాకోసం అవ్వ దగ్గరికి ఎందుకెళ్లావు?"

"తోడేలు అడుగులు వినిపించాయి. విన్నాక ఊరుకోలేకపోయాను. ముందు ఈ ముల్లు తియ్యి!"

వాడు పళ్లతో మెల్లగా తీశాడు. దూది పక్కన కూర్చోబోయాడు.

"అక్కడే ఉండు" అని బారెడు దూరం చూపించింది దూది.

ముళ్లు మళ్లీ మొలవడానికి వానాకాలమంతా పట్టింది. రోజూ గున్నడు దుంపలు తవ్వి, మంచిది దూదివైపు తోసేవాడు. ముళ్లు పెరిగిన కొద్దీ దూది కాస్త కాస్త దగ్గరికి జరిగింది.

"రారా మొనగాడా!" అని గుట్ట మీంచి శూలం వణుకుతూనే పిలిచేవాడు. గున్నడు నోటినిండా దుంపతో తల అడ్డంగా ఊపేవాడు.

నీతి: పదిమంది మెప్పు కోసం పక్కవాణ్ణి పొడిస్తే గాయం వాడిది, బోడి వీపు మనది.