వెన్న నీళ్ళలో ఎందుకు మునగదు

ఒకప్పుడు వెన్నకు తేలడం తెలియదు. నీళ్ళలో వేస్తే రాయిలా అడుగుకు పోయేది.

ఆ రోజుల్లో పైడమ్మ అనే ఆవిడ ఒక పొద్దున మజ్జిగ చిలికింది. కవ్వాన్ని పట్టుకుని వెన్న పైకొచ్చింది. తెల్లగా, వేలు పెడితే దిగబడేంత మెత్తగా ఉంది.

"నాలుగోనాడు నా మనవరాలొస్తుంది. నిన్ను దాని అరచేతిలో పెడతాను. అందాకా ఇలాగే ఉండు తల్లీ" అంది పైడమ్మ.

"ఉంటాను" అంది వెన్న. మాటిచ్చి తప్పే రకం కాదు.

పైడమ్మ మొగుడు అప్పన్న, పిల్లికి అందకూడదని వెన్నగిన్నెను ఉట్టిలో పెట్టాడు. ఉట్టి సరిగ్గా పొయ్యి మీదుంది. "ఇక దీనికి భయం లేదు" అని మీసం దువ్వుకున్నాడు.

మధ్యాహ్నానికి వెన్న అంచులు కరగసాగాయి.

"ఎందుకమ్మా బిగుసుకుంటావు? కరిగిపో. నెయ్యివైతే నెలల తరబడి ఉంటావు. నీ మంచికే చెబుతున్నా" అంది పొయ్యి.

"నెలలుండేది నెయ్యి, నేను కాదు. నా మంచికనే కదా నన్నీ సెగ మీద వేలాడదీశారు. ఇక నా మంచి నేను చూసుకుంటాను" అంది వెన్న. "పైడమ్మా, నన్ను దించి ఆ కుండలోని నీళ్ళలో వెయ్యి."

"మునిగిపోతావే."

"మునగకుండా ఉండడం నేర్చుకుంటాను."

కుండలో నీళ్ళు నవ్వాయి. "ఉప్పొచ్చింది, బెల్లమొచ్చింది. ఇప్పుడేరీ వాళ్ళు? నాలో చేరినవాళ్ళు నాలో కలవాల్సిందే."

"నీ చల్లదనం కావాలి. నీ పేరు అక్కర్లేదు" అని, పైడమ్మ దించిన గిన్నెలోంచి వెన్న దూకింది. దూకి, అడుగుకు పోయింది.

పైడమ్మ చెయ్యి పెట్టి తీసింది. "నీ కడుపులో పుల్లమజ్జిగ మిగిలిపోయిందే. అదే నిన్ను కిందికి లాగుతోంది" అని, పిసికి పిసికి మూడు నీళ్ళు కడిగింది. మూడోసారి నీళ్ళు తేటగా వచ్చాయి.

వెన్న మళ్ళీ దూకింది. ఈసారి మునిగి, పైకి లేచి, తేలింది. నీళ్ళు చుట్టూ తిరిగి చూశాయి. కలుపుకోవడానికి సందు దొరకలేదు.

"రోజూ కొత్తనీళ్ళు కావాలి నాకు" అంది వెన్న.

పైడమ్మ మొగుడి వైపు చూసింది. "ఉట్టెక్కించిన చేతులకు నీళ్ళు మార్చడం రాదా?"

అప్పన్న చెంబందుకున్నాడు.

నాలుగోనాడు మనవరాలు చెయ్యి చాపింది. వెన్న చల్లగా ఆ అరచేతిలో కూర్చుంది. వేలు పెడితే దిగబడింది.

అప్పటినుంచే వెన్న నీళ్ళలో ఉంటుంది గానీ నీళ్ళలో కలవదు. ఎన్నిసార్లు కిందికి నొక్కినా, వేలు తియ్యగానే తల పైకెత్తుతుంది.